అంకెలు ముంచే పని

అంకెల పలక నీళ్ళలో ముంచడం పెద్ద పనేమీ కాదని ఆ ఇంట్లో అందరి అభిప్రాయం. పొడుగాటి పిడికి ప్లాస్టిక్ రేకులు తగిలించి ఉంటాయి, ఒక్కో రేకు మీద ఒక్కో అంకె. ఈతకొలను అవతలి గట్టున మోకాళ్ళ మీద కూర్చుని, ఈదే పిల్ల గోడ దగ్గరికి వచ్చేసరికి రేకు తిప్పి నీళ్ళలోకి దించాలి. తల నీళ్ళలో ఉన్నవాళ్ళకి ఎన్నో రౌండో తెలియాలి కదా. ఆఖరి రౌండుకి అంకె ఉండదు, ఎర్ర రేకు ఉంటుంది. అది కనిపిస్తే ఒంట్లో మిగిలిన బలమంతా తీసి ఈదేసి ఆగిపోవచ్చు. "నువ్వు చేసేదేముంది, అంకెలు ముంచడమేగా" అని కోచ్ అనని రోజు లేదు. నిజమేనన్నట్టు ఆమె కూడా నవ్వేది. ఈమధ్య మాత్రం ఆ పలక పట్టుకుంటే ఆమె చేతులు వణుకుతున్నాయి. నీళ్ళు చల్లగా ఉన్నాయేమో అనుకున్నారు చూసినవాళ్ళు.

కోచ్ అంటే ఆమె భర్తే. క్లబ్బులో అందరూ కోచ్ గారూ, కోచ్ గారూ అంటుంటే విని విని ఆమె మనసులో కూడా ఆయన కోచ్‌గానే స్థిరపడిపోయాడు. క్లబ్బుకి ఆయన ఉద్యోగి. ఆమె ఏమీ కాదు. ఏమీ కాని మనిషి తెల్లవారకముందే వెళ్ళి కొలను మీద కప్పిన పట్టా చుట్టి, ఈదే వరసల్ని విడదీసే తాళ్ళు లాగి బిగించి, చిన్నపిల్లల కళ్ళద్దాల పట్టీలు సరిచేసి, ఏడ్చేవాళ్ళ ముక్కులు తుడిచి, పెద్ద పిల్లలకి అంకెలు ముంచి, ఇంటికొచ్చి వంట చేసి, మళ్ళీ సాయంత్రం వెళ్ళి అదంతా తిరగేసి చేస్తుంది. కమిటీ వాళ్ళు ఒకసారి ఆమెకి దారం కట్టిన విజిల్ ఇచ్చి, ఇంటి మనిషివి కదమ్మా, నీకు వేరే ఏమివ్వాలి అన్నారు. ఇంటి మనిషి అనే మాట ఎంత చవకో ఆరోజే తెలిసింది ఆమెకి. ఇల్లంతా ఎప్పుడూ క్లోరిన్ వాసన. తువ్వాళ్ళు ఏనాడూ పూర్తిగా ఆరవు. కుర్చీల మీద, తలుపుల మీద, చివరికి అత్తగారి చేతికర్ర మీద కూడా తడి తువ్వాళ్ళే. అత్తగారు విసుక్కుంటారు, "కొంపలో కప్పలొక్కటే తక్కువ" అని.

వాళ్ళ ఒక్కగానొక్క పిల్ల బుడగ. స్నానాలతొట్టిలో కూర్చోబెడితే మూతి నీళ్ళలో పెట్టి బుడగలు ఊదేదని చిన్నప్పుడు పెట్టిన పేరు, పద్నాలుగేళ్ళొచ్చినా వదల్లేదు. ఎనిమిది వందల మీటర్లు ఈదుతుంది. గుండెలో దమ్మూ, బుర్రలో ఓపికా రెండూ ఉంటేగాని పనికిరాని పోటీ అది. రెండు వారాల్లో సెలక్షన్ పోటీ ఉంది. మొదటి ముగ్గురిలో వస్తే పెద్ద జట్టులోకి తీసుకుంటారు. రాకపోతే మళ్ళీ ఏడాది ఆగాలి, ఆ వయసు పిల్లలకి ఏడాదంటే ఒక జన్మ.

పోటీ దగ్గరపడ్డాక ఈత తగ్గించాలి. ఈత నేర్పేవాళ్ళందరికీ తెలిసిన సంగతే. నెలల తరబడి నలగ్గొట్టిన ఒంటికి చివరి రోజుల్లో దూరం బాగా కోసేసి, వేగం మాత్రం మరిచిపోకుండా కాస్త కాస్త ఈదించి, తిన్నది ఒంటబట్టనిస్తారు. అలసట దిగిపోయి బలం పైకి తేలుతుంది. వాళ్ళ క్లబ్బులో దాన్ని తగ్గింపు అంటారు. వినడానికి బట్టల కొట్టు మాటలా ఉంటుంది గానీ, కోచ్‌లకి దానంత గుండెదడ తెప్పించేది ఇంకోటి లేదు. ఎందుకంటే తగ్గించిన మొదటి రోజుల్లో పిల్లలు బాగుపడరు, ఇంకా పాడైనట్టు కనిపిస్తారు. కాళ్ళు బరువంటారు, లేని నొప్పులు చెబుతారు, నీళ్ళు చిక్కగా ఉన్నాయంటారు. అప్పుడే కోచ్ నోరు మూసుకుని, చేతులు కట్టుకుని కూర్చోవాలి. అది ఆమె భర్తకి చేతకాని పని.

పోయినేడు తగ్గించాడు, మూడు రోజులు. నాలుగో రోజు బుడగ, "నాన్నా, కాళ్ళకి ఇసక బస్తాలు కట్టినట్టుంది" అంది. అంతే, ఆయనకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఒళ్ళు తుప్పు పడుతోందని చెప్పి, కోసిన దూరమంతా వడ్డీతో సహా పిల్ల చేత ఈదించాడు, పోటీ ముందురోజు సాయంత్రం దాకా. పోటీలో బుడగ సగం దూరం అందరికంటే ముందు ఈది, మిగతా సగం నీళ్ళతో కుస్తీ పట్టి, ఆఖర్న వచ్చినవాళ్ళతో కలిసి వచ్చింది. ఇంటికొచ్చాక కోచ్ తీర్పు చెప్పాడు, తగ్గించడం వల్లే పోయిందని. తగ్గించింది మూడు రోజులు, పెంచింది అంతకు రెట్టింపు, నింద మాత్రం ఆ మూడు రోజుల నెత్తిన పడింది. ఈ ఏడు ఒక్క మీటరు కూడా తగ్గించేది లేదన్నాడు. ఆమె ఏదో అనబోతే, "ఈదేవాళ్ళకి లేని నొప్పి అంకెలు ముంచేవాళ్ళకెందుకు" అన్నాడు. చిన్నపిల్లల తల్లిదండ్రులు పక్కనే ఉన్నారు. వాళ్ళు మర్యాదగా నవ్వారు.

పిల్ల వాలకం చూస్తుంటే ఆమెకి భయం వేసేది. పట్టుకున్న జలుబు వదలడంలేదు. పొద్దున్నే లేపేటప్పుడు మణికట్టు పట్టుకుంటే, నిద్రలోంచి ఇంకా లేవని పిల్ల నాడి పరిగెత్తి వచ్చినదానిలా కొట్టుకుంటోంది. ఒకరోజు పళ్ళు తోముకుంటూ బ్రష్ నోట్లో ఉండగానే స్నానాలగది గుమ్మంలో కూర్చుని నిద్రపోయింది. ఇంకోరోజు మేజోడు తిరగేసి ఉందని ఏడ్చింది, అదీ ఆపుకోలేనంతగా. వయసు అలాంటిది అన్నారు అత్తగారు. ఒళ్ళొంచని బద్ధకం అన్నాడు కోచ్. ఆమె ఏమీ అనలేదు. అనకపోవడం ఆమెకి బాగా అలవాటైన విద్య.

ఆ తర్వాత జరిగింది మాత్రం అలవాటైన విద్యతో దాటేసేది కాదు. పొద్దుటి ఈతలో బుడగ అవతలి గోడ దగ్గరికొచ్చి మలుపు తిరగలేదు. గోడంచు పట్టుకుని తల పైకెత్తింది. కళ్ళద్దాల వెనక కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ అవి తల్లిని చూడటంలేదు. "అమ్మా, ఇది వెళ్ళేదా, వచ్చేదా?" అని అడిగింది. మామూలుగానే అడిగింది, టైమెంతయింది అన్నట్టు.  ఏ వైపు ఈదాలో తెలియని పిల్ల నీళ్ళలో ఉంది, కింద పన్నెండడుగుల లోతుంది. ఆమె వంగి పిల్ల చంకల కింద చేతులేసి పట్టుకుంది. అంతలో ఎదుటి గట్టు నుంచి కోచ్ విజిల్ మోగింది. బుడగ ఉలిక్కిపడి, తల్లి చేతులు విడిపించుకుని, గోడని తన్ని వెళ్ళిపోయింది. సరైన వైపే వెళ్ళింది. కానీ ఆ చేతుల్లో మిగిలిన ఖాళీని ఆమె రోజంతా మోసింది. గిన్నెలు తోముతున్నా అదే, తువ్వాళ్ళు పిండుతున్నా అదే. ఆ విజిల్ ఇంకాస్త ముందు మోగి ఉంటే? తను ఆ క్షణంలో ఇంకో పిల్ల ముక్కు తుడుస్తూ ఉండి ఉంటే?

భోజనాల దగ్గర చెప్పింది. కోచ్ సాంతం విన్నాడు, అది ఆయన గొప్పతనమే. విని, "నీ పిరికితనం దానికి అంటించకు" అన్నాడు. పిల్లకి ఏమైనా అయితేనో అంటే, ఏమీ కాదు, ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, నీకేం తెలుసు అన్నాడు. కొసరుగా ఇంకో మాట కూడా అన్నాడు. "ఓడిపోతే ఏమవుతుందో అది ఆలోచించు."

నీకేం తెలుసు అనే మాట ఆమెని చాలాసేపు వదల్లేదు. ఆమెకి తెలుసు. పెళ్ళికి ముందు ఆమె కూడా ఈదేది, అదే క్లబ్బులో. ఆయన అప్పుడే శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టాడు. కాలేజీ ఆఖరి ఏడాది పెద్ద పోటీకి ముందు ఆమెకి జ్వరం వచ్చి మంచం పట్టింది. వారం పైగా నీళ్ళ మొహం చూడలేదు. లేచి, ఎలాగూ పేరిచ్చాం కదా అని వెళ్ళి ఈదితే, ఒళ్ళు తనది కానట్టు తేలిపోయింది. అంత బాగా అంతకుముందు ఎప్పుడూ ఈదలేదు, ఆ తర్వాత ఈదే అవకాశం రాలేదు. గెలిచి గట్టెక్కితే ఆయన భుజం తట్టి, జ్వరంతోనే ఇంత ఈదావంటే బాగుంటే ఎంత ఈదేదానివో అన్నాడు. జ్వరం వల్లే ఈదానేమో అని ఆమెకి అప్పుడే అనిపించింది. కానీ అంత మెచ్చుకోలు ముందు ఆ మాట చిన్నదైపోయింది. తర్వాత పెళ్ళి, అత్తగారిల్లు, బుడగ. ఈ ఇంట్లో ఆడవాళ్ళకి తగ్గింపు దొరికేది జ్వరమొస్తేనే. అది కూడా థర్మామీటరు ఒప్పుకుంటేనే.

మర్నాడు పొద్దున పెద్ద దూరం ఇచ్చాడు కోచ్, ఆగకుండా ఈదాలన్నాడు. బుడగని మాత్రం రౌండ్లు లెక్కపెట్టుకోనివ్వడు. "లెక్క మాకొదిలేయ్, చేతుల మీద మనసు పెట్టు" అనడం ఆయన పద్ధతి. లెక్క మాకు అంటాడు గానీ, పిల్ల నీళ్ళలో దిగగానే ఆయన చిన్నపిల్లల గుంపుతో లోతులేని వైపుకి వెళ్ళిపోతాడు. ఆ గట్టున లెక్క అంటే ఆమె చేతిలోని పలకే. ఇన్నేళ్ళుగా ఆమెకి అది ఎప్పుడూ తట్టలేదు. అవతలి గట్టున మోకాళ్ళ మీద కూర్చుంది. మొదటి రౌండ్లు సరిగ్గానే ముంచింది. తర్వాత పిల్ల చేతులు నీళ్ళలోంచి లేవడం భారంగా కనిపించింది. ఎడమ భుజం ఒక అరక్షణం ఆలస్యంగా వస్తోంది. ఆమె బొటనవేలు ఒక రేకు తిప్పింది. ఆగలేదు, ఇంకో రేకు కూడా తిప్పేసింది, మధ్యలో ఒక రౌండు ఎగిరిపోయింది. పలక నీళ్ళలోకి దించేటప్పుడు, పట్టపగలు నలుగురి మధ్యలో దొంగతనం చేస్తున్నట్టు ఒళ్ళంతా చెమట పట్టింది. బుడగ అంకె చూసింది, మలుపు తిరిగింది, వెళ్ళిపోయింది. ఆకాశం విరిగి మీద పడలేదు. మరికొంత సేపయ్యాక ఆమె మళ్ళీ రెండు రేకులు తిప్పింది.

ఎర్ర రేకు చూసి బుడగ చివరి రౌండు ఈది ఆగితే, కోచ్ అటు తిరిగి, "అప్పుడే అయిపోయిందా?" అన్నాడు. ఆమె గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు పలకని వీపు వెనక దాచుకుంది. కోచ్ గోడ గడియారం చూశాడు, పిల్లని చూశాడు, మొహం విప్పారింది. "స్పీడు పెరిగింది. చెప్పానా?" అన్నాడు. ఆ చెప్పానా అన్నది ఆమెతోనే. ఆమె తల ఊపింది. 

అక్కణ్ణుంచి ఆమెకి రోజులన్నీ గండాలే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పొద్దున కొన్ని రౌండ్లు కోసేది, సాయంత్రం కొన్ని. కోచ్‌కి ఫోనొస్తే ఇంకొన్ని. చిన్న చిన్న వేగపు ఈతలు మాత్రం ఒక్కటి కూడా ముట్టుకునేది కాదు, అవి ఉండాలి. ఏం ఉంచాలో, ఏం కోయాలో ఆమె ఒంటికి ఆ పాత జ్వరం నేర్పినంతే తెలుసు, మిగతాదంతా గుడ్డి నమ్మకం. ఆయన వెనక్కి తిరిగితే చాలు, ఆమె పలకని నీళ్ళలోకి ఇంకా లోతుగా దించేది. దొరికిపోతే ఏమంటాడు? దానికంటే పెద్ద భయం వేరే ఉంది. దొరక్కపోతే? దొరక్కుండా అంతా తను అనుకున్నట్టే జరిగి, పోటీనాడు పిల్ల ఓడిపోతే? అప్పుడు ఆ ఓటమి ఆయనది కాదు, తనది. ఏడాదంతా ఆ పిల్ల పడిన కష్టాన్ని కన్నతల్లే ఈ చేతులతో నీళ్ళపాలు చేసినట్టు. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా తువ్వాలు మడుస్తున్న చేతులు ఆగిపోయేవి.

నాలుగైదు రోజులకి, సాయంత్రం బడి నుంచొచ్చిన బుడగ మంచం మీద బోర్లా పడుకుంది. ఆమె పక్కన కూర్చుని భుజాలు పిసుకుతోంది. "అమ్మా, కాళ్ళు బరువుగా ఉన్నాయి" అంది పిల్ల, దిండులోకి.  పోయినేడు సరిగ్గా ఇదే మాట. కొంచెం ఆగి బుడగ మళ్ళీ అంది.

"నువ్వు తగ్గించినందుకేనా?"

 బుడగ తల తిప్పి చూడలేదు. దిండుతోనే మాట్లాడుతున్నట్టు, తనకి మొదటి రోజే తెలిసిందని, అంకెలు చూడకపోయినా తన చేతులు లెక్కపెట్టుకుంటూనే ఉంటాయని, నాన్నకి చెప్పలేదని చెప్పింది.  అవతలి గదిలో అత్తగారి చేతికర్ర టకటకమంటోంది, పెరట్లో కోచ్ ఎవరితోనో ఫోనులో నవ్వుతున్నాడు. తల్లీకూతుళ్ళిద్దరూ గొంతులు తగ్గించి మాట్లాడుకుంటున్నారు, సొంతింట్లో దొంగల్లా.

"భయంగా ఉందా?" అని అడిగింది ఆమె.

"నీకు లేదా?"

ఉందే అని ఒప్పుకుంది ఆమె. చాలా ఉంది అంది. పిల్ల దగ్గర ఆ మాట అంటే ధైర్యం చెడుతుందేమో అనుకుంది గానీ, బుడగ భుజాలు ఆ మాటకే కొంచెం వదులయ్యాయి. కాసేపటికి, "ఓడిపోతే నీ పేరు చెప్పన్లే అమ్మా" అంది. ఆ ఇంట్లో ఆమెని ఎవరైనా కాపాడతామనడం అదే మొదటిసారి. అదీ పద్నాలుగేళ్ళ పిల్ల, తనే నిలబడలేక పడుకున్న పిల్ల. ఆమె పిల్ల వీపు మీద మొహం పెట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయింది, కన్నీళ్ళు తగలకుండా జాగ్రత్తపడుతూ.

మర్నాడు పలక పట్టుకోగానే మనసు వేరే లెక్కలు మొదలుపెట్టింది. కాళ్ళు బరువంటోంది, ఈ ఒక్కరోజుకి మొత్తం ఈదించేద్దామా? రెండో రోజుకి ఇంకొంచెం కలుపుదామా? అప్పుడు తెలిసింది ఆమెకి, పోయినేడు ఆయన పడింది ఈ భయమేనని. మనిషి మీద జాలేసింది కూడా. భయపడటంలో తప్పేమీ లేదు, ఎవరికైనా తప్పదు. కానీ ఆయన భయపడితే పిల్ల ఈదాలి. ఆయన భయం దిగేది పిల్ల రెక్కల మీదే. తన భయం ఎక్కడ దింపుకోవాలి? ఎక్కడా వద్దు, మోద్దాం అనుకుంది. ఇంట్లో ఇన్ని మోస్తున్నదానికి ఇదొక లెక్కా. బుడగ గోడ దగ్గరికి వచ్చేసరికి మూడు రేకులు తిప్పేసింది.

పోటీ దగ్గరయ్యే కొద్దీ పిల్ల నాడి నెమ్మదించింది. పొద్దున లేపితే లేస్తోంది. జలుబు పోయింది. ఒకరోజు బల్ల కింద దూరి నానమ్మ చెప్పుల్లో నీళ్ళు పోసి తిట్లు తింది, ఆ తిట్లు వింటుంటే ఆమెకి సంగీతం విన్నట్టుంది. కోచ్ అది చూసి, మెషీన్‌లా తయారైంది, కష్టానికి తిరుగులేదు అన్నాడు. తేలు కుట్టిన దొంగలా ఆమె కిక్కురుమనలేదు.

పోటీ జరిగే కొలను వాళ్ళ క్లబ్బు కొలను కంటే మూడింతలుంది. గుమ్మం దగ్గర మెడలో వేసుకునే కార్డులు ఇచ్చారు. కోచ్ కార్డు మీద కోచ్ అనుంది. ఆమె కార్డు మీద "ఇతరులు" అనుంది. పెద్ద దూరం పోటీల్లో ప్రతి జట్టు నుంచీ ఒకళ్ళు అంకెలు ముంచాలి కాబట్టి ఇతరుల్ని కూడా గట్టు మీదికి రానిచ్చారు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. ఈసారి ఒక్క రేకు కూడా దాటేయడానికి లేదు. ఎదుటి గట్టున, ఈదేవాళ్ళ చెయ్యి గోడకి తాకితే ఆగిపోయే కరెంటు గడియారం ఉంది. అది భర్త కాదు, మొహం చూసి నమ్మదు.

బుడగ మొదట వెనకబడింది. ఆమె ఒక్కో రేకూ తిప్పి ముంచుతూ, అన్ని దేవుళ్ళకీ ఒకేసారి దండాలు పెట్టుకుంది. తన వల్లే, తన వల్లే అని లోపల ఒక గొంతు ఆగకుండా అంటోంది. సగం దూరం అయ్యింది. పోయినేడు పిల్ల మునిగింది ఇక్కడే. బుడగ గోడ దగ్గరికొచ్చింది, ఆమె రేకు దించింది. ఎడమ భుజం ఆలస్యంగా రావడంలేదని ఆమె కళ్ళకి ముందు తెలిసింది, మనసుకి తర్వాత తెలిసింది. ఆ తర్వాత ఒక్కొక్కళ్ళే వెనక్కి పోవడం మొదలైంది. బుడగ వేగం పెంచలేదు, వాళ్ళకి తగ్గుతోంది, దీనికి తగ్గడంలేదు. ఎర్ర రేకు ముంచినప్పుడు నీళ్ళ కింద నుంచి పిల్ల ఆమెని చూసింది. కళ్ళద్దాల్లోంచి కళ్ళు కనిపించలేదు, అయినా చూసింది. రెండోదిగా వచ్చింది, మొదటి పిల్లకి చెయ్యంత దూరంలో. ఎప్పుడూ ఈదనంత బాగా ఈదింది. సెలక్షన్ అయిపోయింది. ఆమె లేవబోతే కాళ్ళు లేవలేదు. తిమ్మిరెక్కాయి. అలాగే కూర్చుని నవ్వుతూ ఏడ్చింది, ఇతరుల మధ్యలో.

తడిసిన చీర కుచ్చిళ్ళు పిండుకుని, పలక చంకలో పెట్టుకుని ఆమె మెట్ల దగ్గరికి వచ్చేసరికి కోచ్ చుట్టూ జనం చేరారు. క్లబ్బు తల్లిదండ్రులు, కమిటీ పెద్దమనిషి, ఇంకో క్లబ్బు కోచ్‌లు ఇద్దరు. బుడగ భుజాల మీద తువ్వాలు కప్పుకుని పక్కనే నిలబడి అరటిపండు తింటోంది. మిడత వాళ్ళమ్మ అక్కడే ఉంది. మిడత అంటే పదకొండేళ్ళ పిల్ల, అన్నీ ఎముకలే, నీళ్ళలో దూకుతుందే గానీ దిగదు, అందుకని ఆ పేరు. వాళ్ళమ్మ బట్టలు కుడుతుంది, క్లబ్బులో ఎవరి ఈతబట్ట చిరిగినా ఆవిడే కుట్టిపెడుతుంది. ఆవిడ బెరుకుగా అడుగుతోంది, కోచ్ గారూ, పోటీకి ముందు తగ్గించాలంటారు కదా, మా పిల్లకి వచ్చే నెల పోటీ ఉంది, ఎప్పణ్ణుంచి తగ్గిస్తారు అని.

"తగ్గింపా? అదంతా ఉత్తిదేనమ్మా" అన్నాడు కోచ్. అందరికీ వినపడేలా అన్నాడు. "మా అమ్మాయిని చూశారుగా. చివరిరోజు దాకా ఒక్క మీటరు తగ్గించలేదు. ఇక మన క్లబ్బులో అందరికీ ఇదే పద్ధతి. మిడతక్కూడా."

కమిటీ పెద్దమనిషి మెచ్చుకోలుగా తల పంకించాడు. మిడత వాళ్ళమ్మ కూడా తలూపింది. సరేనండి అంది.

ఆమె పలక పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇంత భయపడింది గానీ ఈ భయం మాత్రం ఆమె ఊహలో లేదు. పిల్ల ఓడితే ఏమిటని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగింది, గెలిస్తే ఏమిటని ఒక్కసారి కూడా అనుకోలేదు. తను దొంగతనంగా తగ్గించింది ఆయనకి తగ్గించకపోవడానికి రుజువైపోయింది. ఆరోజు జ్వరం వల్లే ఈదానేమో అనే మాట మింగేసింది. ఆ మింగిన మాటే ఇన్నేళ్ళ తర్వాత తిరిగొచ్చి బుడగ రెక్కలు విరిచేదాకా వచ్చింది. ఇవాళ ఇంకోటి మింగితే అది మిడత మీదికి వెళ్తుంది. ఆ వీపు మీద ఎముకలు కుర్చీ వెన్నుపుల్లల్లా ఉంటాయి. ఆ పిల్ల గోడ పట్టుకుని, వెళ్ళేదా వచ్చేదా అని అడిగితే, ఆ గట్టున పట్టుకోవడానికి ఎవరుంటారు? వాళ్ళమ్మ ఆ వేళకి మిషను ముందు కూర్చుని ఇంకెవరి చిరుగో కుడుతూ ఉంటుంది.

చెప్పకూడదు అనుకుంది. ఇంటికెళ్ళాక మెల్లగా చెప్పొచ్చు. ఇంటికెళ్ళాక చెబితే ఏమవుతుందో తెలుసు, నీకేం తెలుసు అవుతుంది. నలుగురిలో చెబితే ఏమవుతుందో తెలియదు. ఆయన మొహం ఎలా మారుతుందో, దారిలో ఏమంటాడో, అత్తగారు ఏమంటారో, రేపణ్ణుంచి ఆ గట్టు మీద కాలు పెట్టనిస్తారో లేదో. బుడగ వైపు చూసింది. బుడగ అరటిపండు నమలడం ఆపేసి తల్లినే చూస్తోంది. ఆ చూపులో వద్దు అని లేదు, చెప్పు అని కూడా లేదు. నీళ్ళలోంచి ఎర్ర రేకు వైపు చూసినట్టు చూస్తోంది, అంతే.

"తగ్గింది" అంది ఆమె.

 ఎవరో పక్కకి తిరిగి, ఏంటమ్మా అన్నారు. ఆమె మళ్ళీ అంది, ఈసారి అందరికీ వినపడింది. "బుడగకి తగ్గింది. రెండు వారాలూ సగం కూడా ఈదలేదు. నేనే తగ్గించాను."

కోచ్ ముందు నవ్వాడు. అలవాటైన నవ్వే, పక్కవాళ్ళకి పంచిపెట్టే నవ్వు. "నువ్వేంటి తగ్గించేది? నువ్వు చేసేదేముంది, అంకెలు ముంచడమేగా."

"అవునండీ" అంది ఆమె. "ఆ అంకెలే."

నవ్వు ఆయన మొహం మీద ఇంకా ఉంది, కానీ కళ్ళు మెల్లగా ఆమె చంకలోని పలక మీదికి వెళ్ళాయి. నీళ్ళు కారుతున్న ఆ రేకుల్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.  ఆమె చేతులు వణుకుతూనే ఉన్నాయి, అవి ఇవాళ ఆగేలా లేవు. వణుకుతున్న చేతులతోనే పలకని కిందపెట్టి, మిడత వాళ్ళమ్మ వైపు తిరిగి, మొదటి రోజు ఎంత తగ్గించిందో చెప్పడం మొదలుపెట్టింది.